డిగ్రీ తర్వాత హైదరాబాద్‌లో నిలదొక్కుకోవడం: ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పట్టభద్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట ప్రాంతాల కళాశాలల్లో డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం కోసం తొలిసారి హైదరాబాద్ వస్తున్న వారినీ, వారిని పంపుతున్న తల్లిదండ్రులనూ ఉద్దేశించి ఈ సమాధానాలు రాశాము. ఇంజినీరింగ్ చదివిన వారికంటే బీఏ, బీకాం, బీఎస్సీ చదివిన వారిని ఎక్కువగా దృష్టిలో పెట్టుకున్నాము. ప్రాంగణ నియామకాలు వారి కళాశాలల దాకా వచ్చేది తక్కువ కాబట్టి, నగరంలో తొలి అడుగులు చాలావరకు వారే సొంతంగా వేసుకోవలసి వస్తుంది.

ఉద్యోగం కావాలంటే హైదరాబాద్ వెళ్లక తప్పదా?

అందరికీ తప్పనిసరి కాదు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన వారికి జడ్చర్ల దగ్గరి పోలేపల్లి ఔషధ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లోనూ, చౌటుప్పల్ చుట్టుపక్కల ఉన్న రసాయన, ఔషధ పరిశ్రమల్లోనూ నాణ్యత విభాగం, ఉత్పత్తి విభాగాల్లో పనులు దొరుకుతాయి. కొత్తూరు, షాద్‌నగర్ వైపు కర్మాగారాల్లో బీకాం వారికి స్టోర్స్, లెక్కల విభాగాలు ఉంటాయి. చౌటుప్పల్ మండలం దండుమల్కాపూర్‌లో చిన్న పరిశ్రమల పార్కు ఉంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ, నల్లగొండ పట్టణంలోనూ 2023లో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. అయితే వాటిలో దొరికే ఉద్యోగాల సంఖ్య హైదరాబాద్ పడమటి కొసన ఉన్న వాటితో పోల్చదగినది కాదు. బ్యాంకింగ్ సేవలు, బీమా, కాల్ సెంటర్లు, ఆసుపత్రుల బిల్లింగ్, మెడికల్ కోడింగ్ (చికిత్స వివరాలను బీమా బిల్లుల కోసం సంకేతాలుగా రాసే పని) వంటి రంగాలను ఎంచుకున్న వారు నగరానికి రాక తప్పదు. ప్రయోగశాల పని మీద ఆసక్తి ఉన్న వారు మాత్రం పోలేపల్లిని చిన్నచూపు చూడకూడదు. ఇంటి దగ్గర ఉంటూ రెండేళ్ల అనుభవం సంపాదించిన వారికి ఆ తర్వాత శామీర్‌పేట దగ్గర ఔషధ, జీవసాంకేతిక సంస్థలున్న జీనోమ్ వ్యాలీ వైపు వెళ్లడం సులభమవుతుంది.

ఊరి బస్సు దొరికే చోట గది తీసుకోవాలా, ఆఫీసుకు దగ్గరగా తీసుకోవాలా?

మా దృష్టిలో అన్ని ప్రశ్నలకంటే ముందు తేల్చుకోవలసినది ఇదే. దీన్ని పెద్దగా ఆలోచించకుండా వదిలేసే వారే ఎక్కువ.

విజయవాడ రహదారి మీదుగా వచ్చే నల్లగొండ, సూర్యాపేట వారు హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల్లో దిగిపోతారు. దేవరకొండ వారు మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చి అదే ఎల్బీనగర్ చేరుతారు. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వచ్చే పాలమూరు వారికి ఆరాంఘర్, రాజేంద్రనగర్, అత్తాపూర్ దగ్గర. అచ్చంపేట, కల్వకుర్తి వారు శ్రీశైలం రహదారిలో తుక్కుగూడ దాటి చాంద్రాయణగుట్ట వైపు వస్తారు. ఏ దారిన వచ్చిన వారు ఆ దారి చివరనే ఇళ్లు తీసుకోవడం తరాలుగా జరుగుతోంది. అక్కడ మన వాళ్లు ఉంటారు, మన మెస్ ఉంటుంది, శనివారం సాయంత్రం బ్యాగు వేసుకొని పది నిమిషాల్లో బస్సు ఎక్కవచ్చు. కూలీ పనికో, వ్యాపారానికో, సర్కారు కొలువుకో వచ్చిన పాత తరానికి ఆ ఏర్పాటు బాగానే నడిచింది. ఇప్పుడు కొత్త ఉద్యోగాల్లో అధిక భాగం మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడలో ఉన్నాయి. ఎల్బీనగర్ నుంచి అక్కడికి వెళ్లాలంటే మెట్రోలో అమీర్‌పేట వరకు వచ్చి, అక్కడ రాయదుర్గం రైలుకు మారి, దిగిన తర్వాత మళ్లీ ఆటోనో, కంపెనీ బస్సో పట్టుకోవాలి. ఇంటి గుమ్మం నుంచి కుర్చీ దాకా గంటన్నర సులభంగా పడుతుంది. సాయంత్రం మరో గంటన్నర.

ఊరికి వెళ్లేది వారానికి లేదా రెండు వారాలకు ఒకసారి. ఆఫీసుకు వెళ్లేది వారంలో ఐదారు రోజులు. కాబట్టి మొదటి ఏడాది ఆఫీసుకు అరగంట దూరంలో ఉండడమే మంచిదని మా సలహా. దిల్‌సుఖ్‌నగర్ కంటే మాదాపూర్ హాస్టల్‌కు నెలకు రెండు మూడు వేలు ఎక్కువ కావచ్చు. ఆ డబ్బుతో రోజుకు రెండు గంటలు మిగులుతాయి. కొత్త పని నేర్చుకుంటున్న కాలంలో ఆ రెండు గంటలు నిద్రకు పోయినా లాభమే. మాదాపూర్ భరించలేని వారు మెట్రో మార్గం మీద ఉన్న అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, యూసుఫ్‌గూడలను చూడవచ్చు. అమీర్‌పేట, యూసుఫ్‌గూడల నుంచి రాయదుర్గానికి ఒకే రైలు సరిపోతుంది, ఎస్సార్‌నగర్ వారు అమీర్‌పేటలో మారాలి, ఎల్బీనగర్ వైపు వెళ్లాలన్నా సమస్య ఉండదు.

పాలమూరు వారికి ఒక వెసులుబాటు ఉంది. ఆరాంఘర్ నుంచి మెహిదీపట్నం వరకు సుమారు 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉండడం వల్ల అత్తాపూర్, మెహిదీపట్నం, టోలిచౌకి ప్రాంతాల నుంచి అటు ఊరికీ ఇటు గచ్చిబౌలికీ అందుబాటు కుదురుతుంది. కొడంగల్, పరిగి, చేవెళ్ల మీదుగా వచ్చే వారికీ మెహిదీపట్నమే అనుకూలం. నల్లగొండ వైపు వారికి ఇటువంటి మధ్యస్థమైన చోటు అంత తేలికగా దొరకదు.

ఉద్యోగమే ఎల్బీనగర్‌లోనో, కొత్తపేటలోనో ఉంటే ఈ చర్చ అవసరం లేదు.

నల్లగొండైనా, మహబూబ్‌నగరైనా హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లే కదా. రోజూ ఇంటి నుంచే వెళ్లి రావచ్చా?

కొంతమంది ఏళ్ల తరబడి అలా వెళ్లి వస్తున్నారు. వారిలో ఎక్కువమంది నగరం నుంచి ఇటు వచ్చే ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు. నల్లగొండలో తెల్లవారుజామున ఐదున్నరకు ఎక్కితే ఎల్బీనగర్‌లో దిగేసరికి రెండు గంటలు, అక్కడి నుంచి గచ్చిబౌలికి మరో గంటన్నర పడుతుంది. రానూపోనూ ఏడు గంటలు దారికే పోతాయి. మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి ప్రయాణం ఉచితం కాబట్టి ఖర్చు లేదు కదా అని కొందరు ఇళ్లలో ఈ ఏర్పాటునే ఖాయం చేస్తున్నారు. టికెట్టు లేకపోయినా అలసట తగ్గదు. రాత్రి తొమ్మిది దాటాక ఊళ్లో బస్సు దిగవలసి వస్తే ఆ చింత వేరు. ఉద్యోగం షాద్‌నగర్, కొత్తూరు, చౌటుప్పల్, శంషాబాద్ పరిసరాల్లో ఉంటే మాత్రం ఇంటి నుంచి వెళ్లి రావడం పూర్తిగా సాధ్యమే. కాచిగూడ, సికింద్రాబాద్ పరిసరాల్లో పని ఉన్న వారు రైలు వేళలు కుదురుతాయేమో చూసుకోవాలి. మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు, నల్లగొండ నుంచి బీబీనగర్ మీదుగా సికింద్రాబాద్‌కు రైలు మార్గాలు ఉన్నాయి.

మేనమామ ఇల్లు నగరంలోనే ఉంది. అక్కడే ఉండమంటున్నారు. ఎంతకాలం ఉండవచ్చు?

ఇంటర్వ్యూలు తిరిగే రోజుల్లోనూ, ఉద్యోగం వచ్చాక గది వెతుక్కునే రోజుల్లోనూ ఉండండి. నెల దాటబోతుంటే ముందుగానే మాట్లాడుకోవాలి. వారు డబ్బు తీసుకోరు కాబట్టి కూరగాయలో, పాలో, గ్యాసు బండో ఏదో ఒక ఖర్చు మీరు ఎత్తుకోవాలి. ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం సంచి, కందిపప్పు, పల్లీలు తెచ్చి పెడితే అత్తమ్మకు చేయూతగా ఉంటుంది, మీకూ మొహమాటం తగ్గుతుంది. రెండు పడక గదుల ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలు ఉంటే, రాత్రి షిఫ్టు ఉద్యోగి హాల్లో పడుకోవడం ఎవరికీ సుఖం కాదు. ఆ పరిస్థితిలో మంచిగా ఉన్నప్పుడే వేరే చోటు చూసుకోవడం బంధుత్వానికి మేలు.

హాస్టల్ మంచిదా, నలుగురం కలిసి ఇల్లు తీసుకోవడం మంచిదా?

మొదటి మూడు నెలలు హాస్టల్‌లో ఉండమని చెబుతాము. ఉద్యోగం నచ్చకపోవచ్చు, ఆఫీసు మరో చోటికి మారవచ్చు, షిఫ్టు మారవచ్చు. హాస్టల్ నుంచి బయటపడాలంటే సాధారణంగా నెల రోజుల ముందు చెబితే చాలు. ఇల్లు తీసుకుంటే అడ్వాన్సు, పరుపులు, స్టవ్వు, బకెట్ల దాకా కొనుక్కోవాలి.

హాస్టల్‌లో చేరేముందు పగటిపూట ఒకసారి, రాత్రి భోజనం వేళ ఒకసారి వెళ్లి చూడండి. పగలు గది కనిపిస్తుంది, రాత్రి అన్నం కనిపిస్తుంది. ముగ్గురి గదిలో నాలుగో మంచం వేయడం, బీరువాకు తాళం లేకపోవడం, అంతస్తుకు ఒకే స్నానాల గది ఉండడం, పైకప్పు రేకులది కావడం వంటివి పగటిపూటే తెలుస్తాయి. అడ్వాన్సులో ఎంత తిరిగి ఇస్తారో, నిర్వహణ పేరుతో ఎంత కోసుకుంటారో రసీదు మీద రాయించుకోవాలి. నోటి మాట మీద ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రావడం కష్టం. మంటలు చెలరేగితే బయటపడడానికి రెండో మెట్ల దారి ఉందో లేదో చూడడం చాలామందికి తోచదు. అమీర్‌పేట గల్లీల్లో అది తప్పనిసరిగా చూడవలసిన విషయం.

మూడు నెలల తర్వాత ఉద్యోగం నిలబడుతుందని అనిపిస్తే, ఒకే వేళల్లో పనిచేసే ముగ్గురు నలుగురు కలిసి ఇల్లు తీసుకోవచ్చు. ఒకే ఊరి వాళ్లు కావడం కంటే ఒకే షిఫ్టు వాళ్లు కావడం ముఖ్యం.

అద్దె ఇల్లు చూసేటప్పుడు ఏమేమి గమనించాలి?

టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లగానే చాలామంది గోడల రంగు, టైల్సు చూసి వచ్చేస్తారు. ముందు వంటగది కుళాయి తిప్పండి. నీళ్లు బోరువా, నల్లావా, రెండూ కలిపి ఒకే ట్యాంకులోకి ఎక్కిస్తున్నారా అని అడగండి. కుళాయి మూతి చుట్టూ తెల్లగా సున్నం పొర గట్టిపడి ఉంటే అది ఉప్పు నీరు, జుట్టుకూ హీటరుకూ మంచిది కాదు. తర్వాత కరెంటు మీటరు దగ్గరికి వెళ్లండి. మీ వాటాకు విద్యుత్ శాఖ ఇచ్చిన మీటరు ఉందా, యజమాని పెట్టిన సబ్‌మీటరు ఉందా తెలుసుకోండి. సబ్‌మీటరు అయితే యూనిట్‌కు ఎంత వసూలు చేస్తారో ఒప్పుకున్న తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి. చేరిన రోజు ఆ రీడింగును ఫోటో తీసి యజమానికి వాట్సాప్ చేయండి. డాబా మీద కట్టిన ఒంటి గదిని పెంట్‌హౌస్ అని చెప్పి చలికాలంలో అద్దెకిస్తారు, ఏప్రిల్ వచ్చేసరికి అందులో మధ్యాహ్నం కూర్చోలేరు. మెట్ల కింద, మంచం తలగడ వైపు, కిటికీ అంచుల్లో గోడ ఉబ్బి ఉంటే వానాకాలంలో చెమ్మ తప్పదు.

హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఒక నెల అద్దె మినహాయించుకునే అలవాటు ఉంది. అది ఉందో లేదో మొదటే తేల్చుకోవాలి. అద్దె ఒప్పందాన్ని చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. ఆ కాగితం మీద మీ పేరు ఉండేలా చూసుకోండి. నలుగురిలో ఒకరి పేరే రాస్తే మిగతా ముగ్గురికి చిరునామా రుజువు దొరకదు. పెళ్లికాని వారికి ఇల్లు ఇచ్చేది లేదనీ, మాంసం వండకూడదనీ షరతులు పెట్టే యజమానులు ఉన్నారు. ఆదివారం కోడికూర లేకుండా గడవని వారు ఆ ఇంటికి ఒప్పుకుని తర్వాత దొంగచాటుగా వండుకోవడం కంటే మరో ఇల్లు చూసుకోవడం నయం.

మా అమ్మాయిని ఒంటరిగా నగరంలో ఉంచడానికి భయంగా ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

తల్లిదండ్రులు ఒకసారి స్వయంగా వచ్చి హాస్టల్‌నూ, ఆఫీసునూ, ఆ రెండింటి మధ్య దారినీ చూసుకుంటే భయంలో సగం పోతుంది. రాత్రి షిఫ్టు ఉంటే కంపెనీ వాహనం ఇంటి గుమ్మం దాకా వస్తుందా, ప్రధాన రోడ్డు మీదే దింపుతుందా అన్నది నియామక పత్రం తీసుకునే రోజే అడగాలి. మహిళలపై వేధింపులను అరికట్టే హైదరాబాద్ పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి. అత్యవసరానికి 112, మహిళల సహాయానికి 181 సంఖ్యలను ఫోనులో ముందే దాచుకోవాలి. రోజూ పదిసార్లు ఫోను చేసి ఎక్కడున్నావని అడగడం వల్ల అమ్మాయి భద్రత పెరగదు, నిజం చెప్పడం మాత్రం తగ్గుతుంది. ఏదైనా ఇబ్బంది ఎదురైతే ఉద్యోగం మాన్పించి తీసుకుపోతారన్న భయం లేకుండా చెప్పుకునే వీలు ఇంట్లో ఉండాలి. ఈ మాట అబ్బాయిల తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. అయినా ఆ ప్రశ్న అబ్బాయిల గురించి ఎవరూ అడగరు.

ప్యాకేజీ మూడు లక్షలన్నారు. చేతికి 25 వేలు రావాలి కదా, 21 వేలే ఎందుకు వచ్చాయి?

ప్యాకేజీ అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. మూల వేతనం నెలకు 12,500 అనుకుందాం. అందులో 12 శాతం, అంటే 1,500 రూపాయలు యజమాని భవిష్య నిధి (పీఎఫ్)కి జమ చేస్తాడు. ఏళ్ల తరబడి పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద సుమారు 600 పక్కన పెడతాడు. ఈ రెండూ మీ 25 వేలలోనివే. మిగిలిన 22,900లో మీ వాటా భవిష్య నిధి మరో 1,500, తెలంగాణలో 20 వేలు దాటిన నెల జీతానికి వృత్తి పన్ను 200 పోగా 21,200 చేతికి వస్తుంది. ఆరోగ్య బీమా, రవాణా, భోజనం కోతలు ఉంటే ఇంకా తగ్గుతుంది. కాబట్టి నియామక పత్రంలో పెద్ద అంకెను కాక నెలవారీ వివరాల పట్టికను చదవాలి. వేరియబుల్ అని రాసిన భాగం లక్ష్యాలు చేరితేనే వస్తుంది, అద్దె లెక్కలో దాన్ని కలుపుకోకూడదు.

జీతం 21 వేలలోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగులకు, వారి కుటుంబానికి వైద్యం అందించే ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. మీ నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం కడతారు. ఆ కార్డు వచ్చాక తల్లిదండ్రులు మీ మీద ఆధారపడి ఉంటే వారి పేర్లు చేర్పించండి. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి పెద్దది. రద్దీ ఎక్కువే అయినా పెద్ద వైద్యానికి ఆసరా అవుతుంది.

భవిష్య నిధికి ఇచ్చే యూఏఎన్ సంఖ్య జీవితాంతం ఒకటే. రెండో ఉద్యోగంలో చేరినప్పుడు ఆ పాత సంఖ్యనే ఇవ్వాలి.

మొదటి జీతం వచ్చేదాకా చేతిలో ఎంత ఉండాలి? ఇంటికి ఎంత పంపాలి?

నెల మధ్యలో చేరితే ఆ నెల జీతాల లెక్క అప్పటికే ముగిసిపోయి, మీ డబ్బు మరుసటి నెలాఖరున రావచ్చు. అందువల్ల హాస్టల్ అడ్వాన్సు కాక రెండు నెలల ఖర్చు దగ్గర పెట్టుకోవాలి. దీనికోసం ఫోను యాప్‌లలో అప్పు చేయవద్దు. వారి వడ్డీ కంటే వసూలు చేసే తీరు ప్రమాదకరం.

ఇంటికి పంపే విషయంలో మా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. మొదటి జీతంతో అమ్మకు చీర, బాపుకు పంచె తీసుకోవడం సరే. తర్వాత మూడు నెలలు నికరంగా ఎంత మిగులుతుందో తేలకుండా నెలకు ఇంత పంపుతానని మాట ఇవ్వకూడదు. బోరు అప్పు, చెల్లె పెళ్లి అప్పు మీద వడ్డీ పెరుగుతున్న ఇళ్లలో ఆశ మీ జీతం మీదనే ఉంటుంది. ఆ ఆశకు తగ్గట్టు పది వేలు పంపి ఇక్కడ స్నేహితుల దగ్గర చేబదులు తీసుకునే వారి కంటే, నాలుగు వేలు పంపుతానని చెప్పి ప్రతి నెలా తప్పకుండా పంపే కొడుకో కూతురో ఇంటికి ఎక్కువ ఆసరా.

ఏ ధ్రువపత్రాలు వెంట తెచ్చుకోవాలి?

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మార్కుల జాబితా, ప్రొవిజనల్ సర్టిఫికెట్, బదిలీ పత్రం, కుల, ఆదాయ ధ్రువపత్రాల నకళ్లు తెచ్చుకోండి. అసలు ప్రతులు ఇంటి బీరువాలో ఉండాలి. పరిశీలన రోజున చూపించి అదే రోజు తిరిగి తీసుకోవాలి. అసలు ప్రతులను కంపెనీ దగ్గర వదిలి వెళ్లమనే చోట చేరవద్దు. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమైనా, పాలమూరు విశ్వవిద్యాలయమైనా అసలు డిగ్రీ పట్టాకు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. ఊళ్లో ఉన్నప్పుడే ఆ పని ముగించుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదంటూ పత్రాలు ఆపే కళాశాలలు ఉన్నాయి కాబట్టి ఉద్యోగం వచ్చాక పరుగులు పెట్టకుండా ఫలితాలు రాగానే తిరగడం మొదలుపెట్టాలి.

వీటన్నిటి మధ్య అందరూ మరిచేది ఒకటి ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికతను 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి నిర్ణయిస్తారు, 95 శాతం పోస్టులు స్థానికులకే దక్కుతాయి. అందువల్ల ఆ ఏడు తరగతుల బోనఫైడ్ పత్రాలు ఇప్పుడే సంపాదించి పెట్టుకోండి. మీరు చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి కార్యాలయంలో విచారించాలి. నోటిఫికేషన్ వచ్చాక ఆ కార్యాలయాల ముందు వరుసలు ఎలా ఉంటాయో చూసిన వారికి ఈ సలహా అతిగా తోచదు.

కన్సల్టెన్సీ వారు లక్ష కడితే ఉద్యోగం ఖాయమంటున్నారు. కట్టవచ్చా?

కట్టవద్దు. నిజంగా ఉద్యోగమిచ్చే కంపెనీ అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. దొంగ అనుభవ పత్రంతో చేర్పిస్తామనే వారి మాట విన్నవారు నేపథ్య పరిశీలనలో దొరికిపోయి, ఉద్యోగమూ డబ్బూ రెండూ పోగొట్టుకుంటున్నారు. ఆన్‌లైన్‌లో ఇప్పటికే చెల్లించి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయండి. శిక్షణే కావాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య సంస్థ టాస్క్ అందించే కోర్సులను ముందు చూడండి.

ఉద్యోగం చేస్తూ గ్రూప్స్‌కు చదవవచ్చా?

పగటి షిఫ్టు, దగ్గరి గది ఉన్న వారు చదవగలరు. రాత్రి షిఫ్టులో పనిచేస్తూ పగలు చిక్కడపల్లి నగర గ్రంథాలయంలో కూర్చునే వారు పుస్తకం ముందు నిద్రపోవడమే ఎక్కువ. పూర్తికాలం చదవాలనుకునే వారు అశోక్‌నగర్‌లో గది తీసుకోవడం తప్పనిసరి అనుకుంటారు. అక్కడ తోటివారి పోటీ, పాత ప్రశ్నపత్రాలు, నమూనా పరీక్షలు దొరికే మాట నిజమే. కానీ పునశ్చరణ దశలో ఉన్న వారికి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా గ్రంథాలయాలు, అక్కడి బీసీ స్టడీ సర్కిళ్లు సరిపోతాయి, నెలకు పది వేలు మిగులుతాయి. ఎన్ని నోటిఫికేషన్ల దాకా చదవాలో మొదలుపెట్టిన రోజే ఇంట్లో వారితో కలిసి నిర్ణయించుకోవడం అవసరం.

ఆధార్, ఓటు హైదరాబాద్ చిరునామాకు మార్చుకోవాలా?

హాస్టల్‌లో ఉన్నంతకాలం ఆధార్ చిరునామా మార్చవలసిన పని లేదు. ఊరి చిరునామాతోనే బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, ఉచిత బస్సు ప్రయాణం అన్నీ నడుస్తాయి. పెద్ద గ్యాసు కనెక్షన్‌కు స్థానిక చిరునామా కావాలి గానీ, ఐదు కిలోల చిన్న సిలిండరును గుర్తింపు కార్డు చూపించి తీసుకోవచ్చు. ఓటు రెండు చోట్ల ఉండకూడదు. నగరంలో స్థిరంగా ఉంటున్న వారు ఫారం 8 ద్వారా మార్పించుకోవాలి. ఊళ్లో సర్పంచ్ ఎన్నికలకు ఓటు ఉండాలనే పట్టుదల ఎంత ఉన్నా, రెండు చోట్లా పేరు ఉంచుకోవడం చట్టవిరుద్ధం.

మా యాసకు ఆఫీసులో నవ్వుతారేమో?

ఈ రోజుల్లో అది అరుదు. నవ్వినా ఒకటి రెండు వారాలే. ఆఫీసులో వెనకబడేది ఇంగ్లీషు ఈమెయిలు రాయలేకపోవడం వల్ల. రోజుకు ఒక ఈమెయిలు రాసి పై ఉద్యోగితో దిద్దించుకుంటే మూడు నెలల్లో తేడా కనిపిస్తుంది. పాలమూరు వారిలో చాలామందికి ఉర్దూ, నారాయణపేట, గద్వాల వైపు వారికి కన్నడం కూడా వస్తాయి. దరఖాస్తులో ఆ భాషలను రాయడం మరవకండి. కస్టమర్ సేవల ఉద్యోగాల్లో వాటికి విలువ ఉంది.

నగరం తిండి, నీళ్లు పడడం లేదు. ఏం చేయాలి?

హాస్టల్ అన్నంతో కడుపు ఉబ్బడం, మంట పుట్టడం మొదటి నెలలో మామూలే. జొన్నరొట్టెకు అలవాటు పడిన వారికి ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఇప్పుడు సాయంత్రం పూట చాలా వీధుల్లో బండ్ల మీద వేడిగా జొన్నరొట్టెలు చేసి అమ్ముతున్నారు. రాత్రికి రెండు రొట్టెలు, కర్రీ పాయింట్‌లో పప్పో ఆకుకూరో తీసుకుంటే సరిపోతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పల్లీల పొడి, చింతకాయ తొక్కు రుచిలేని రోజును దాటిస్తాయి. వాటి మీదనే నెలంతా గడపడం మాత్రం మంచిది కాదు. నల్లా నీటి గురించి అంత భయం అవసరం లేదు. నగరానికి వచ్చే కృష్ణా జలాలు నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం నుంచి కోదండాపూర్‌లో శుద్ధి అయ్యే వస్తాయి. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన మర్రిగూడ వైపు ఊళ్లకంటే ముందే ఆ నీళ్లు నగరానికి చేరాయన్న బాధ మన ప్రాంతం వారికి ఉంది. అది ఇక్కడ తేలే విషయం కాదు.

పండుగలకు, జాతరలకు సెలవు దొరుకుతుందా?

దసరా, సంక్రాంతి సాధారణంగా కంపెనీ సెలవుల జాబితాలో ఉంటాయి. సద్దుల బతుకమ్మకు, కార్తీకంలో వచ్చే కురుమూర్తి జాతరకు, మాఘంలో జరిగే చెర్వుగట్టు బ్రహ్మోత్సవాలకు సొంత సెలవు పెట్టుకోవాలి. కొత్తగా చేరిన వారికి సెలవులు తక్కువ కాబట్టి ఏడాది మొదట్లోనే తేదీలు చూసుకుని రెండు మూడు నెలల ముందే అడగండి. దసరా ముందురోజు సాయంత్రం ఎల్బీనగర్‌లోనో ఆరాంఘర్‌లోనో నిలబడి బస్సు ఎక్కుదామనుకోవద్దు. సీటు రిజర్వు చేసుకుని ఎంజీబీఎస్‌లోనే ఎక్కాలి.

ఆరు నెలలైనా కుదరలేదు. మానేసి ఊరికి వెళ్తే తర్వాత ఇబ్బంది అవుతుందా?

పద్ధతిగా మానేస్తే ఏ ఇబ్బందీ ఉండదు. ఒక రోజు చెప్పకుండా రావడం ఆపేసిన వారికే తర్వాతి ఉద్యోగంలో చిక్కులు వస్తాయి. రాజీనామా ఈమెయిలు ద్వారా పంపి, నియామక పత్రంలో ఉన్నన్ని రోజులు పనిచేసి, రిలీవింగ్ లెటరు, చివరి మూడు నెలల జీతం చీటీలు తీసుకోండి. ఇంతకాలం మానకుండా పనిచేస్తానన్న బాండు మీద సంతకం చేసి ఉంటే అందులో రాసిన మొత్తాన్ని, షరతులను ఎవరైనా న్యాయవాదికి చూపించి ముందుకు వెళ్లండి. భవిష్య నిధి ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోలుతున్నాయో లేదో ఉద్యోగంలో ఉండగానే సరిచూసుకోవాలి. మానేసిన తర్వాత తప్పులు దిద్దించుకోవాలంటే మళ్లీ ఆ కంపెనీ ఆమోదం కోసం తిరగవలసి రావచ్చు. హాస్టల్‌కు నెల ముందు చెప్పి, అడ్వాన్సు రసీదు చూపించి, మిగిలింది ఖాతాలో పడ్డాకే తాళం అప్పగించండి.